కల్తీ అన్న జొన్న కోసం కెరమెరి దాకా

ఉదయం అయిదున్నరకు కరీంనగర్‌లో పెద్దపల్లి బస్సెక్కాను. కారణం ఒక జొన్న. మా పరిశోధన కేంద్రంలో విత్తనాల జాబితా రాసేది నేను. ఒకే విత్తనాన్ని అయిదు కేంద్రాలు పండించి, పూత ఎన్నాళ్లకు వచ్చిందో లెక్కలు పంపుకుంటాయి. హైదరాబాదులో కంప్యూటరు వాటిని కలుపుతుంది. కెరమెరి దగ్గర సేకరించిన జొన్న మొక్కలు కొన్ని రెండు నెలలకు పూశాయి, కొన్ని మూడు నెలలకు. కంప్యూటరు సగటు తీసి రెండున్నర అంది. రెండున్నర నెలలకు పూసిన మొక్క ఒక్కటీ లేదు! "కల్తీ విత్తనం, సోమవారం జాబితాలోంచి కొట్టేస్తున్నాం" అని ఉత్తరం వచ్చింది. కొట్టేస్తే విత్తనాలు దాచే శీతల గదిలో దాని చోటూ పోతుంది. చూడకుండా కొట్టేయనివ్వనని రెండు రోజులు సెలవు పెట్టాను.

పెద్దపల్లిలో ఏడున్నరకు ప్యాసింజరు. మంచిర్యాలలో ఎక్కిన శ్రీరాంపూర్ గని కార్మికుడు నా ఒళ్లోని కాగితాలు చూసి ఊరుకోలేదు.

"జొన్నల కోసం గింత దూరమా మేడం? కరీంనగర్ల దొరుకతలేవా?"

"జొన్నలు దొరుకుతాయి. వాటి పుట్టుపూర్వోత్తరాలు దొరకవు."

"అంటే సంబంధం చూడ పోతున్నరన్నట్టు!"

డబ్బా అంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్ పేరు చూసి ఊరొచ్చిందనుకోకండి. ఊరు ఇంకా చాలా దూరం. బయట బస్సుంటుంది, పరుగెత్తితే సీటూ ఉంటుంది. ఆసిఫాబాదులో పూరీ తిని మరో బస్సు పట్టుకుంటే పన్నెండున్నరకు కెరమెరి. అక్కడి నుంచి అరగంట నడక.

మాకు ఆ విత్తనం ఇచ్చిన రైతు అంజనాబాయి చేను చూడగానే నాకు కోపం వచ్చింది. ఎండిన కంకి పక్కనే పచ్చి కంకి. మా సేకరణ ఉద్యోగి సంచులు కలిపేశాడని దారంతా తిట్టుకుంటూ వచ్చాను. కలిసింది చేలోనే, తప్పు అతనిది కాదన్నమాట.

"పెద్దమ్మా, రెండు విత్తనాలు కలిసిపోయాయా?"

"కలిసిపోవుడేంది బిడ్డా? నేనే కలిపిన. ముందొచ్చేది మూడు పిడికిళ్లు, ఎనుకొచ్చేది రెండు. వాన జల్ది పోతే ముందుది చేతికొస్తది. దసరాకు వాన కొడితే ముందుది నల్లబడ్తది, ఎనుకది నిలబడ్తది."

గట్టు మీద కూర్చున్న ఆమె భర్త తలెత్తాడు. "నాకెన్నడు చెప్పకపోతివి?"

"నువ్వెన్నడన్న అడిగినవా? తినుడే ఎరుక నీకు." నా వైపు తిరిగింది. "మీ సారు గూడ గీయన్నే అడిగి రాసుకపోయిండు. చాట నా చేతిల ఉండె, నన్ను అడగలే."

నేను వాదించకుండా ఉండలేను. "విడదీసి జాబితాలో రెండు నంబర్లు ఇస్తే సరిపోదా?"

"ఇయ్యి. మరి పిడికిళ్ల లెక్క ఎవలు జెప్పాలె? ఔగని, నేనిచ్చిన గింజలు పండించిండ్రు గదా, ఎన్నిసార్లు కోసిండ్రు?"

"ఒక్కసారే."

"అయ్యో! ఎండినయి కోసి, పచ్చియి ఇడిసిపెట్టిండ్రా? మీరు సగమే దాసుకున్నరు బిడ్డా."

శీతల గదిలో మేము పదిలపరిచింది సగం విత్తనమే. జాబితాలో కొట్టివేత కంటే పెద్ద తప్పు మా కోతలోనే జరిగింది. అంజనాబాయి నన్ను ఇంటికి తీసుకెళ్లి, ఉట్టి మీద విత్తనాలు దాచిన సొరబుర్రలు రెండూ దించి, పోయినేటి గింజలు పిడికిళ్లతో కొలిచి నా సంచిలో పోసింది. ఈసారి లెక్క నేనే రాసుకున్నాను, ఆమె పేరుతో సహా.

సాయంత్రం రైల్లో హైదరాబాదుకు ఉత్తరం రాశాను. 'ఇది కల్తీ కాదు. రైతు లెక్క ప్రకారం కలిపిన విత్తనం. ఒకే నంబరు ఉంచాలి, రెండుసార్లు కోయాలి. మీ పట్టికలో పూతకు గడి ఒక్కటే ఉంటే రెండోది గీయండి.' అయిదు కేంద్రాలకూ నకళ్లు రాసేసరికి చేయి నొప్పెట్టింది.

ఈ దారిన వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: అంకెల మీద అనుమానం వస్తే రైలెక్కండి, గట్టు మీద కూర్చున్న మగాయన దగ్గర ఆగిపోకండి. సోమవారం ఆఫీసు తెరిచే వేళకు హైదరాబాదులో ఉత్తరంతో పాటు నేనూ ఉంటాను. గింజల సంచి బల్ల మీద పెడతాను. కొట్టేసేవాళ్లు నా ఎదురుగా కొట్టేయాలి.