ఇరవై తొమ్మిదో తేదీ ఏ వారం?

ఆఫీసులో అందరూ ఆయన్ని వారాలాయన అనేవాళ్లు. ఏ తేదీ అడిగినా వారం చెప్పేవాడు. మీ పెళ్లిరోజు, మీ తాత పోయిన రోజు, ఇంకా పదేళ్లకు మీరు రిటైరయ్యే రోజు, ఏదైనా సరే. అడిగినవాడు టీ గ్లాసు కింద పెట్టేలోపు బొటనవేలు మిగతా వేళ్ల కణుపుల మీద గబగబా తిరిగేది, జవాబు వచ్చేసేది. పన్నెండేళ్లప్పుడు కాలు విరిగి మూణ్ణెల్లు మంచాన ఉంటే, ఎదురుగా గోడకు ఒక క్యాలెండరు తప్ప ఇంకేం లేదట. దాన్ని నమిలి మింగేశాడు. ఆ తర్వాత చదువులో వెలగబెట్టింది ఏమీ లేదు గానీ ఈ ఒక్క విద్య మాత్రం పట్టుబడింది. గీర కూడా దానికి తగ్గట్టే ఉండేది. తన గదిలో క్యాలెండరు తగిలించనిచ్చేవాడు కాదు. "నేనుండగా అదెందుకు?" అనేవాడు.

వచ్చిన అర్జీల మీద తేదీ స్టాంపు కొట్టి, రిజిస్టరులో ఎక్కించి, రసీదు ఇవ్వడం ఆయన పని. ఇళ్లు కట్టుకునేవాళ్ల అర్జీలన్నీ ఆయన బల్ల మీదుగా పోవాల్సిందే. 1984 ఫిబ్రవరి నుంచి కొత్త నిబంధన వచ్చింది. పై అంతస్తు వేసేవాళ్లు పక్కింటి కిటికీకి నాలుగడుగులు వదలాలి. జనవరిలోపు అర్జీ పెట్టినవాళ్లకు ఆ బెడద లేదు. ఆయన బావమరిది పై అంతస్తు అర్జీ పట్టుకుని తీరిగ్గా ఫిబ్రవరి ఏడున వచ్చాడు. "నీ చేతిలో పనేగా బావా, ఆ స్టాంపు కాస్త వెనక్కి తిప్పు" అన్నాడు. కాదంటే ఇంట్లో ఆవిడ రెండ్రోజులు మాట్లాడలేదు. మూడో రోజు స్టాంపు చక్రాలు వెనక్కి తిరిగాయి.

రిజిస్టరులో జనవరి ఇరవై ఎనిమిదో తేదీ పద్దుల కింద, పేజీ చివర ఒక్క గీత ఖాళీగా ఉంది. ఇరవై తొమ్మిది వేద్దామనుకున్నాడు. కణుపులు లెక్కపెట్టాడు. సోమవారం. దర్జాగా స్టాంపు కొట్టి సంతకం పెట్టాడు.

నాలుగు రోజుల తర్వాత గడ్డం గీసుకుంటుంటే గుర్తొచ్చింది, ఇది లీపు సంవత్సరమని. లీపు సంవత్సరంలో జనవరి, ఫిబ్రవరి తేదీలకు లెక్కలో ఒకటి తగ్గించాలి. నలభై ఏళ్లుగా నిద్రలో అడిగినా మర్చిపోని ఆ ఒకటి, ఆ రోజు మర్చిపోయాడు. ఇరవై తొమ్మిది సోమవారం కాదు, ఆదివారం! ఆఫీసుకు తాళం వేసి ఉన్న రోజున తను స్టాంపు కొట్టి సంతకం పెట్టాడు. మొహం మీద నురగ ఆరిపోయేదాకా అద్దంలోకి చూస్తూ ఉండిపోయాడు.

ఇక చూడాలి ఆయన అవస్థ. పై అధికారి పిలిస్తే ఆ పేజీ గురించేననుకునేవాడు. ఎవరైనా రిజిస్టరు తిరగేస్తుంటే ఏదో పనున్నట్టు పక్కనే వచ్చి నిలబడేవాడు. దిద్దుదామంటే దిద్దిన మరకే పట్టిస్తుంది. పట్టుబడితే ఉద్యోగం ఊడటమే కాదు, జైలు కూడా తప్పదు. రెండేళ్లు అలా ప్రాణాలు అరచేతిలో పెట్టుకునే బతికాడు.

రెండేళ్లకు బావమరిది గోడ లేపడం మొదలుపెట్టాడు. పక్కింట్లో ఉండేది కుట్టుమామ్మ. బట్టలు కుట్టి బతుకుతుంది. ఆమె మిషను ముందున్న కిటికీకి జానెడు దూరంలో ఇటుకలు పేరుస్తున్నారు. వెలుగు పోతే సూదిలో దారం ఎక్కించడం కూడా ఆ కళ్లకు కష్టమే. ఆమె ఫిర్యాదు పెట్టింది, విచారణకు పైనుంచి అధికారి వచ్చాడు.

గదిలో ఒక పక్క బావమరిది, ఒక పక్క మామ్మ, మధ్యలో రిజిస్టరుతో వారాలాయన. అర్జీ అందింది ఎనభై నాలుగు జనవరి ఇరవై తొమ్మిదిన అని అధికారి అందులోంచి చదివాడు.

"ఆ రోజు మీ ఆఫీసే లేదు బాబూ," అంది మామ్మ అధికారితో. "అది ఆదివారం. నాకు బాగా గుర్తు. నా మనవరాలు పుట్టింది ఆ రోజే."

వారాలాయన పై ప్రాణాలు పైనే పోయాయి. అధికారి క్యాలెండరు తెమ్మన్నాడు. రెండేళ్ల కిందటిది ఎవరి దగ్గరుంటుంది? అవన్నీ ఎప్పుడో పిల్లల పుస్తకాలకు అట్టలైపోయాయి.

"అయినా క్యాలెండరెందుకు, మనిషే ఉన్నాడుగా!" అన్నాడు అధికారి నవ్వుతూ. "పొద్దున టీ దగ్గర నా పెళ్లి ఏ వారమో టక్కున చెప్పాడు. చెప్పవయ్యా, ఎనభై నాలుగు జనవరి ఇరవై తొమ్మిది?"

కణుపుల మీద వేలు కదిలింది. లెక్క అవసరం లేదు, రెండేళ్లుగా ఆయనకు అదే జపం. బావమరిది నేల చూపులు చూస్తున్నాడు. మామ్మ మాత్రం ధైర్యంగా, ఇక గెలిచినట్టే ఆయన వైపు చూస్తోంది. ఆయనలో ఉన్నది ఒకటే. భయం, ఒట్టి భయం, ఇంకేం లేదు.

"సోమవారం సార్."

అధికారి రాసుకుని కలం మూసేశాడు. మామ్మ ఆయన వైపు తిరిగింది. "నువ్వు చెప్పావంటే అంతే నాయనా. నాకే మతి పోతున్నట్టుంది. అనవసరంగా నీ మీద నింద వేశాను," అంది.

ఆయన ముందుగా బయటపడి మెట్ల దగ్గరకు వెళ్లి నిలబడ్డాడు. గండం గడిచింది. వెనకనుంచి మామ్మ వచ్చింది.

"నాయనా, ఒక్క మాట. అయితే మా పిల్ల పుట్టింది సోమవారమేనా?"

మెట్ల మీద ఇంకెవరూ లేరు. అధికారి లేడు, బావమరిది లేడు.

"సోమవారమే మామ్మా."

"ఆదివారం పుట్టావే అని దానికి రోజూ చెప్తున్నాను. పోన్లే, ఇంటికెళ్లి సోమవారమని దిద్ది చెప్తాలే," అంటూ ఆమె గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది.