చిన తాతయ్య నోరు జారిన శుక్రవారం

నా చిన్నప్పుడు, మెల్‌బోర్న్‌లో, మా ఇంటికి ఎవరొచ్చినా నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: నువ్వు అమ్మ వైపా, నాన్న వైపా? నాన్న యూదుడు. అమ్మ ఫిజీ నుంచి నర్సు ఉద్యోగానికి వచ్చిన తెలుగావిడ. పన్నెండేళ్లకే ఆ ప్రశ్న వినీ వినీ నాకు విసుగెత్తిపోయింది.

మా నాన్నమ్మ వెళ్లే ప్రార్థనా మందిరం ఉదారవాద యూదులది. అక్కడ ఆడా మగా కలిసి కూర్చుంటారు. ఆడపిల్లలూ అందరి ముందు నిలబడి తమ పవిత్ర గ్రంథం తోరా చదువుతారు. తండ్రి ఒక్కడే యూదుడైనా, ఆ పద్ధతుల్లో పెరిగిన బిడ్డను తమ బిడ్డగానే చూస్తారు. ఆ ఏడు చదివే వంతు నాకొచ్చింది. నా పాలబడిన అధ్యాయమో, చర్మవ్యాధుల గురించీ, ఇంటి గోడలకు పట్టే బూజు గురించీ! నాన్నమ్మ దాన్ని ఆరు నెలలు నాచేత వల్లె వేయించింది. ఒక్క అక్షరం తప్పితే మళ్లీ మొదటికే.

తీరా శనివారం చదవాలనగా, శుక్రవారం మధ్యాహ్నం సిడ్నీ నుంచి నాన్నమ్మ తమ్ముడు దిగాడు. నేను చిన తాతయ్య అనేదాన్ని. పాత కట్టుబాట్లను అక్షరం పొల్లుపోకుండా పాటించే మనిషి. నేను వింటున్నానని కూడా చూడకుండా, "తల్లి యూదురాలు కాదు కదక్కా. ఈ పిల్ల చదివితే చెల్లదు. రేపు నేను రాను" అనేశాడు.

నేను కాగితాలు విసిరికొట్టాను. "ఐ గివప్, నాన్నమ్మా! చెల్లనిదానికి ఆర్నెల్లు నన్నెందుకు చంపుకు తిన్నావు?"

నాన్నమ్మ నన్ను ఊరడించలేదు, తమ్ముడితో వాదించనూ లేదు. "పొద్దు మన కోసం ఆగదు" అంటూ నా చేతిలో అగ్గిపెట్టె పెట్టింది. శుక్రవారం పొద్దుగూకగానే మా విశ్రాంతి దినం మొదలవుతుంది; సూర్యాస్తమయానికి ముందే వెలిగించాల్సిన కొవ్వొత్తులు రెండూ బల్ల మీద ఉన్నాయి. కోపంతోనే వెలిగించి, కళ్లు మూసుకుని, ఆశీర్వచనం గబగబా అప్పజెప్పాను.

"ఆమెన్!"

వెనక నుంచి బొంగురు గొంతు. చిన తాతయ్యది. ఆశీర్వచనం చెవిన పడగానే, ‘ఔను, అలాగే అగుగాక’ అని ఒప్పుకునే ఆ మాటను నోరు దానంతటదే పలికేసింది. ఆయన మొహం కందగడ్డలా అయింది. అమ్మ నవ్వాపుకోలేక పెదవి కొరుక్కుంది.

"చెల్లదన్నావుగా, మరి ఆమెన్ ఎందుకన్నావురా?" అంది నాన్నమ్మ.

"అబ్బా, అలవాటు అక్కా!"

"దానిదీ అలవాటే. మేం పెంచింది అలాగే."

మర్నాడు ఆయన మందిరానికి రానేలేదు. నేను చదివాను, బూజు దగ్గర ఒకసారి తడబడ్డాను. ఇంటికొచ్చాక భోజనాల వేళ మాత్రం, "ఎక్కడ తప్పావు?" అని అడిగి, ఆ ఒక్క మాటనూ నాచేత పదిసార్లు పలికించాడు. ఒళ్లు మండింది కానీ, పరాయి పిల్లనైతే అంత సతాయించడని అప్పుడే అర్థమైంది.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. మెల్‌బోర్న్ శివారు పాయింట్ కుక్‌లో కొత్తగా దిగిన తెలుగువాళ్లు "మీరేవిట్లు, ఆంటీ?" అని కులం ఆరా తీస్తారు. మందిరానికొచ్చే కొత్తవాళ్లు మీ అమ్మగారిది ఏ మతం అంటారు. నా చిరాకు ఇసుమంతైనా తగ్గలేదు. కానీ ఎవరో ఒప్పుకున్నాక మొదలుపెడదామని మాత్రం నేనెప్పుడూ ఆగలేదు. మన పని మనం చేసుకుపోతుంటే, కాదన్న నోళ్లే ఎప్పుడో ఒకనాడు పొరపాటునైనా ఔననేస్తాయి.