చెల్లెలి బండి, అన్నయ్య కొలత

ఆమెకు కోపం ఎక్కువని సైకిల్ క్లబ్బులో అందరూ అంటారు. ఎక్కువే, కాదనేవాళ్ళెవరు? కానీ ఆ కోపం ఎందుకొచ్చిందని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. అడక్కుండా సలహాలిచ్చినవాళ్ళు మాత్రం బోలెడంత మంది.

ఆమె పని కట్టుడు పళ్ళు చేయడం. డాక్టర్లు పంపే దవడ అచ్చులు ముందు పెట్టుకుని, మైనంలో ఒక్కో పన్నూ నిలబెట్టి, వెంట్రుకవాసి తేడా కూడా లేకుండా సరిచేస్తుంది. అందుకే క్లబ్బులో ఆమె పళ్ళక్క. నలభయ్యో ఏట రేసు సైకిల్ ఎక్కింది. ఎక్కించింది సొంత అన్నయ్యే. క్లబ్బుకి కెప్టెన్ కూడా ఆయనగారే.

బండి ఎంచడానికి దుకాణానికి తీసుకెళ్ళిందీ అతనే. ఆమె ఎర్రటి చిన్న బండి ముందు ఆగితే, అది పిల్లల బండి అని కొట్టిపారేశాడు. గోడకు వేలాడుతున్న నల్లటి కార్బన్ బండిని దింపించి, తనే ఎక్కి దుకాణం ముందు వీధిలో రెండు చుట్లు తిరిగొచ్చాడు. దిగేసరికి మొహం వెలిగిపోతోంది. కళ్ళు మూసుకుని తీసుకోమన్నాడు. ఆమె నిజంగానే కళ్ళు మూసుకుని తీసుకుంది. దవడ కొలత లేకుండా ఒక్క పన్నూ కట్టని మనిషి, తన కాళ్ళూ చేతులూ కొలిపించుకోకుండా బండి కొనేసింది. అన్నయ్య చెప్పాడు కదా మరి.

మొదటి ఏడాది మెడ పట్టేసేది. రెండో ఏడాది అరచేతులు మండాయి. మూడో ఏడాది కుడిచేతి చిటికెనవేలూ ఉంగరపువేలూ మొద్దుబారాయి. ముందు బండి దిగిన గంట వరకు, తర్వాత సాయంత్రం దాకా, ఆ తర్వాత వారమంతా. సలహాలు మొదలయ్యాయి. మెత్తని చేతితొడుగులు వేసుకోమన్నారు, వేసుకుంది. హ్యాండిల్‌కి మందపాటి పట్టీ చుట్టించమన్నారు, చుట్టించింది. బరువు తగ్గితే అన్నీ తగ్గుతాయని ఒకడు కార్బన్ చక్రాలు వేయించాడు. చక్రాలు తేలికయ్యాయి, వేళ్ళు మాత్రం ఇంకా బరువెక్కాయి. సీటు కిందికి దించగలిగినంత దించేశారు, దాని గొట్టం బొటనవేలంత కూడా పైకి కనపడదు. ఎర్రదీపం దగ్గర ఆగితే ఆమె మునివేళ్ళ మీద నిలబడేది. ఇంతమంది ఆరిందాల్లో ఒక్కరికీ అది కనపడలేదంటే ఏమనుకోవాలి? కళ్ళన్నీ చక్రాల మీదే.

కెప్టెన్ మాత్రం ప్రతిసారీ ఒకే మాట అనేవాడు. ఆడవాళ్ళ చేతులు అంతేనట, అలవాటు పడాలట.

ఒకరోజు పనిలో, వేడి కత్తితో మైనం చెక్కుతుంటే ఏదో కాలుతున్న వాసన వచ్చింది. చూస్తే తన చిటికెనవేలే. బొబ్బ లేచింది, నొప్పి తెలియలేదు. ఆ వారమే ఒక డాక్టరు పళ్ళసెట్టు వెనక్కి పంపాడు, కింది వరస వంకరగా ఉందని. ఆమె చేతి నుంచి అలాంటిది ఎన్నడూ వెళ్ళలేదు. నరాల వైద్యుడు సుత్తితో తట్టి, సూదితో గుచ్చి చూసి, ఆ నరం మీద బరువు పడటం ఇలాగే సాగితే ఆ వేళ్ళ మీద ఆశ వదులుకోమన్నాడు. సైకిలో వేళ్ళో తేల్చుకోమన్నాడు. వేళ్ళు పోతే తిండి పోతుంది. సైకిల్ పోతే, ఈ నలభై మూడేళ్ళలో తనకంటూ సంపాదించుకున్న ఒకే ఒక్క సంతోషం పోతుంది. ఇంటికొచ్చి వంటింటి తలుపు ఎంత గట్టిగా వేసిందంటే, భర్త రేడియో కట్టేసి కూర్చున్నాడు.

ఆఖరి ప్రయత్నంగా కార్బన్ హ్యాండిల్ కూడా వేయిద్దామని బండిని దుకాణంలో వదిలింది. ఆ ఆదివారం ఊరికే ఉండలేక, క్లబ్బులోనే తనంత ఎత్తున్న లెక్కల పంతులమ్మ పాత అల్యూమినియం బండి అరువు తీసుకుంది. బరువైన బండి, గేరు మార్చినప్పుడల్లా కటకటమనేది. నగరం దాటి, చెరకు లారీల రోడ్డంతా తొక్కి మధ్యాహ్నానికి ఇంటికొచ్చింది. చేతులు కడుక్కుంటుంటే నీళ్ళ చల్లదనం ఉంగరపువేలికి లీలగా తెలిసింది.

కుళాయి కట్టడం కూడా మర్చిపోయింది.

మర్నాడు దుకాణానికి వెళ్ళి, పళ్ళు కొలిచే ఇనుప స్కేలుతోనే నల్లబండి కొలిచింది, పంతులమ్మ బండి కొలిచింది. నల్లది ఆమెకు రెండు సైజులు పెద్దది. హ్యాండిల్ అందుకోవాలంటే ముందుకు సాగిలపడి, ఒంటి బరువంతా అరచేతుల మీద మోయాలి. దుకాణదారు నీళ్ళు నమిలాడు. కెప్టెన్‌గారే ఎంచారు కదా అని ఊరుకున్నాడట. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ స్కేలు చేతిలో పట్టుకునే అన్నయ్య ఇంటికి వెళ్ళింది.

అన్నయ్య వరండాలో గొలుసుకు నూనె రాసుకుంటున్నాడు. వదిన మంచినీళ్ళు తెచ్చి, ఆడపడుచు మొహం చూసి, గ్లాసు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. చెల్లెలు ఇంకా ఏమీ అడక్కముందే, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, దుకాణంలో ఆ రోజు చిన్న సైజు లేదని చెప్పడం మొదలుపెట్టాడు. ఎర్రబండి ఉందని ఆమె గుర్తుచేసింది.

"అది నా సైజు. ఈ నల్లది నీ సైజు. నాకెందుకు కొనిపించావు?" అని నిలదీసింది.

అతను గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. దాచుకోవలసిందేమీ లేదన్నట్టే చెప్పాడు. "నువ్వు రెండు నెలల్లో మానేస్తావనుకున్నానే. ఊరికే మూలపడేకంటే, నాకైనా పనికొస్తుందని."

సొమ్మొకడిది, సోకొకడిది. మూడేళ్ళ నొప్పి ఆమెది. ఆ మూడేళ్ళూ అతను ఎదురుచూస్తూ కూర్చున్నాడన్నమాట, చెల్లెలు ఎప్పుడు మానేస్తుందా, బండి ఎప్పుడు చేతికొస్తుందా అని! చెంప మీద కొట్టినా ఆమెకు అంత మంట పుట్టేది కాదు. తనను మోసం చేశాడని కూడా కాదు, తను నిలబడదని ముందే లెక్కేసుకున్నాడని.

కావాలంటే కొనుక్కోమంది. దుకాణం ధర అణా తగ్గకుండా వసూలు చేసింది. చక్రాలూ హ్యాండిలూ విప్పించుకుని, తన కొలతకు సరిపోయే మామూలు అల్యూమినియం ఫ్రేమ్‌కి బిగించుకుంది. సిగ్గుపడి అతను ఆ నల్లదాన్ని అటకెక్కిస్తాడనుకుంది. ఎక్కడి సిగ్గు! సొంత చక్రాలు వేసుకుని కొండ రేసుకి దాని మీదే వచ్చాడు.

కొండ రేసులో క్లబ్బువాళ్ళకో పద్ధతి ఉంది. కిందనున్న బయలులో ఎదురుగాలి బలంగా ఉంటుంది. ఒకరు ముందుండి గాలి కాస్తే, వెనకున్నవాళ్ళు ఆ చాటున ఓపిక మిగుల్చుకుంటారు. మూడేళ్ళుగా కెప్టెన్‌కి గాలి కాచింది చెల్లెలే. అతను చివర్లో దాటిపోయి పతకం తెచ్చుకునేవాడు, ఆమె ఎక్కడో వచ్చేది. అది చెల్లెలి వంతని అందరూ అనుకున్నారు, ఆమెతో సహా.

ఆ రోజు బయలు మొదట్లో అతను ఆమెకు ముందున్నాడు. వెనక నుంచి చూసింది. నడుము నిటారుగా, మోచేతులు వదులుగా, కుర్చీలో కూర్చున్నంత హాయిగా ఉన్నాడు. తన వేళ్ళు చచ్చింది ఆ హాయి కోసమే. ఉంగరపువేలు తిరిగొచ్చింది, చిటికెనవేలు ఇంకా రాలేదు, వస్తుందని వైద్యుడు మాట ఇవ్వలేదు. ఆమె పళ్ళు కొరుక్కుంటూ తొక్కి అతని పక్కకు వచ్చింది.

"ముందుకు రావే, గాలి చంపేస్తోంది" అన్నాడు అతను, తల కూడా తిప్పకుండా.

అలవాటుకొద్దీ కాళ్ళు ముందుకు పోబోయాయి. ఆమె వాటిని ఆపింది.

"నేను రెండు నెలల్లోనే మానేశాననుకో అన్నయ్యా" అంది.

అని, అతనికి చాటు దొరకనంత దూరంగా రోడ్డు అవతలి అంచుకు జరిగి, తన గాలి తనే తింటూ కొండ వైపు తొక్కింది.