మూడో సిలిండర్ మీద నా బొటనవేలు

నా చిన్నప్పుడు మాకొక కారుండేది. మా ఇంటికొచ్చేసరికే ముసలిదైపోయిన విదేశీ కారు. హైదరాబాద్‌లో యూనివర్సిటీలో పాఠాలు చెప్పడానికి వచ్చిన ఒక దొరగారు మన ఎండలకు తాళలేక అందులో ఏసీ పెట్టించుకుని, స్వదేశం వెళ్లిపోతూ మా నాన్నగారికి అమ్మేశారు. మా నాన్నగారు అక్కడే వృక్షశాస్త్రం చెప్పేవారు. ఏ ఆకు చూపించినా దాని ఏడు తరాలూ చెప్పగలరు గానీ, కారు బానెట్ తెరవాలంటే మాత్రం పక్కింటి మామయ్యను పిలవాల్సిందే.

మాది కృష్ణా జిల్లా. మామయ్యది నల్లగొండ వైపు పల్లె. ఆయన క్యాంపస్‌లోనే ఇంజనీరింగ్ చెప్పేవారు. సాయంత్రమైతే మా రెండు క్వార్టర్ల మధ్య పిట్టగోడ మీద రెండు టీ గ్లాసులు ఉండాల్సిందే. మా నాన్నగారిని ఆయన ‘అన్నా’ అని పిలిచేవారు. నాకు సైకిల్ నేర్పింది ఆయనే. పడితే లేపేవారు కాదు, నేను లేచేదాకా పక్కనే నిలబడేవారు.

ప్రత్యేక తెలంగాణ కావాలని మొదటిసారి ఉద్యమం లేచిన వేసవి అది. క్లాసులు ఆగిపోయాయి. తార్నాక వైపు నుంచి క్యాంపస్‌లోకి ఊరేగింపులు వచ్చేవి. మామయ్య కూడా వాటిలో నడిచేవారు. తన దగ్గర చదివిన పిల్లలకు ఉద్యోగాలు దొరకడం లేదన్న బాధ ఆయనది. మమ్మల్ని వెళ్లిపొమ్మంటారేమోనన్న భయం మాది. ఒకరినొకరు పల్లెత్తు మాట అనుకోలేదు గానీ, పిట్టగోడ మీద గ్లాసులు మాత్రం మాయమయ్యాయి. ‘అన్నా’ పోయి ‘సార్’ వచ్చింది. పూటకో పుకారు వినీ వినీ, చివరికి మా నాన్నగారు మమ్మల్ని కారులో బెజవాడ తీసుకెళ్లిపోదామనుకున్నారు. మళ్లీ వస్తామో రామో చెప్పలేదు. మామయ్యను ఇక చూడనేమోనని నాకు ఒకటే ఏడుపు.

పెట్టెలన్నీ డిక్కీలో సర్దాక కారు ఇంటి ముందే మొండికేసింది. ఏసీ వేస్తే చాలు, ఇంజన్ వణికి ఆగిపోతోంది. వేయకపోతే కదులుతోంది గానీ కొంచెం ఎత్తు వచ్చినా ఆయాసపడుతోంది. తప్పంతా ఆ ఏసీదేననీ, దాన్ని పీకించి పారేస్తాననీ మా నాన్నగారు మండిపడుతున్నారు. ఆ కేకలకు మామయ్య వచ్చారు. మా గేటు తీసుకుని ఆయన లోపలికి రావడం ఎన్నాళ్లకో. కాసేపు ఇంజన్ చప్పుడు విన్నారు. “ఏసీది కాదు సార్ తప్పు. ఒక సిలిండర్ల కంప్రెషన్ లేనట్టున్నది, గాలి నిలుస్తలేదు. గిట్లనే పోతే గీ బండి సూర్యాపేట దాటది” అన్నారు.

మా నాన్నగారి మొహం ఎర్రబడింది. “మేం వెళ్లిపోవాలనే కదండీ మీరంతా అంటున్నది! ఇప్పుడు మీరే బండి వెళ్లదంటారేం?”

అంత మాట ఆయన నోట నేనెన్నడూ వినలేదు. మామయ్య మనసు నొచ్చుకుందని చిన్నదాన్నయినా నాకు తెలిసింది. ఆయన మాత్రం ఇంటికెళ్లి స్పానర్ తెచ్చి నాలుగు ప్లగ్గులూ ఊడదీశారు. ఇంజన్ తిప్పే హ్యాండిల్‌ను మా నాన్నగారి చేతికిచ్చి, నన్ను దగ్గరికి పిలిచారు. “నేను చెప్తే మీరు నమ్మరు. గీ పిల్ల చెప్తది. బిడ్డా, గీడ బొటనవేలు ఆనించు, గట్టిగ.”

ప్లగ్గు తీసిన మొదటి రంధ్రం మీద వేలు ఆనించాను. నాన్నగారు హ్యాండిల్ తిప్పారు. లోపలి గాలి నా వేలిని ఫట్‌మని తోసేసింది. నాకు నవ్వొచ్చింది. రెండోదీ అంతే. మూడో దాని మీద ఎంతసేపు ఆనించినా, పాలు చల్లార్చడానికి ఊదినట్టు మెత్తగా తగిలిందే తప్ప వేలు కదల్లేదు. నాలుగోది మళ్లీ తోసింది. “మూడోదే” అన్నాను. మా నాన్నగారు నమ్మలేక తానే వచ్చి వేలు ఆనించారు. ఈసారి మామయ్య హ్యాండిల్ తిప్పారు.

అమ్మనడిగి ఒక చెంచా తెప్పించుకుని, మామయ్య దాంతో కొంచెం ఇంజన్ ఆయిల్ ఆ రంధ్రంలో పోశారు. లోపల పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగి ఉంటే నూనె ఆ సందు పూడ్చి గాలిని నిలబెడుతుందట. మళ్లీ తిప్పినా గాలి నిలవలేదు. అయితే రింగులు కావు, గాలికి తలుపులాంటి వాల్వు సరిగా మూసుకోవడం లేదన్నారు. మిగిలిన మూడూ ఎలాగో బండి లాగుతున్నా, ఏసీ బరువు కూడా పడేసరికి చేతులెత్తేస్తున్నాయట. అనుమానించడానికి కూడా ఒక పద్ధతుంటుందని అప్పుడే తెలిసింది నాకు.

ఆ తర్వాత కొన్ని రోజులు మా వరండానే షెడ్డు. ఇంజన్ పైభాగం విప్పి, వాల్వు బిగువుగా మూసుకునేలా దానికి గరుకు పేస్టు రాసి, కర్రకు తగిలించి, మజ్జిగ చిలికినట్టు అరచేతుల మధ్య తిప్పేవారు మామయ్య. ఆయన చేతులు నొప్పి పెడితే మా నాన్నగారు తిప్పేవారు. రేడియేటర్ ముందున్న ఏసీ జాలీకి పట్టిన దుమ్ము దులపడం నా పని. అక్కడ గాలి ఆడకపోతే లోపల చల్లదనం రాదట. మా అమ్మ ఉండబట్టలేక అడిగేసింది, “బాగుచేసి మమ్మల్ని సాగనంపుతున్నారా అన్నయ్యగారూ?” అని.

“పోవుడు, ఉండుడు మీ ఇష్టం చెల్లె. పిల్లతోని నడి తొవ్వల ఆగిపోవద్దు గద” అన్నారాయన తలెత్తకుండా. అమ్మ కళ్లొత్తుకుంటూ వెళ్లి టీ పెట్టింది.

వెళ్లిపోయాం. దారంతా ఏసీ చల్లగా వీస్తూనే ఉంది. బెజవాడలో బంధువుల ఇంట్లో భోజనాల దగ్గర ఒక పెద్దాయన, అక్కడివాళ్లంతా అంతేననీ, ఒక్కణ్నీ నమ్మకూడదనీ చెప్పుకుపోతున్నారు. “మీరు బొటనవేలు ఆనించి చూశారా?” అని అడిగాను. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. మా నాన్నగారు మాత్రం కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి నా వంక చూస్తూ ఉండిపోయారు. మర్నాడే కారు హైదరాబాద్ వైపు తిరిగింది.

మా కారు ఆగడం చూసి మామయ్య పిట్టగోడ దగ్గరికొచ్చారు. ఎందుకు వచ్చారనలేదు, ఎలా ఉన్నారనలేదు. “ఏసీ మంచిగ నడిచిందా అన్నా?” అన్నారు. మా నాన్నగారు తలూపారు.

ఆ తర్వాత ఇద్దరి అభిప్రాయాలూ ఒకటైపోయాయంటే అబద్ధమే. మామయ్య ఊరేగింపులు మామయ్యవి, మా నాన్నగారి వాదనలు మా నాన్నగారివి. టీ చల్లారిపోయేదాకా గోడకు అటూ ఇటూ పోట్లాడుకునేవారు. ఇప్పుడు ఇద్దరూ లేరు. నేనే వాళ్ల అప్పటి వయసు దాటేశాను. ఎవరైనా నా ముందు ‘ఫలానా వాళ్లంతా ఇంతే’ అని తేల్చేస్తే, ఇప్పటికీ నా బొటనవేలి కింద ఆ మూడో సిలిండర్ మెత్తటి గాలి తగులుతుంది. వెంటనే, తనను నమ్మని మనిషి చేతికే హ్యాండిల్ ఇచ్చిన మామయ్య గుర్తొస్తారు.