మూడో లైను గ్రూపులో ఒక నిమిషం నలభై సెకన్లు

రంజితకు మాట్లాడటమంటే భయం లేదు, రాయడమంటేనే బద్ధకం. ఆ బద్ధకమే ఒక బుధవారం ఆమె కొంప ముంచింది.

అయినా బద్ధకాన్ని ఒక్కదాన్నే తిట్టి లాభం లేదు. బొమ్మసంద్రలో వాహనాలకు వైర్ల కట్టలు తయారుచేసే ఫ్యాక్టరీ అది. మూడో లైనులో పదకొండు మంది ఆడవాళ్లు. వాళ్లలో ఐదుగురికి చదువు రాదు, మిగిలినవాళ్లలో సగం మందికి తెలుగు అక్షరాలు రావు, సగం మందికి కన్నడ అక్షరాలు రావు. రాసి పంపితే చదివేదెవరు? అందుకని లైను లీడరు రంజిత రెండేళ్లుగా ఒక పద్ధతి పెట్టుకుంది. తెల్లవారి చందాపురలో కంపెనీ బస్సెక్కగానే వాట్సాప్‌లో ‘మూడో లైను’ గ్రూపు తెరిచి, ఆ రోజు ఏ మోడలు చేయాలో, ఎవరు ఎక్కడ నిలబడాలో నోటితోనే చెప్పి పంపేది. అందరూ ఎవరి బస్సులో వాళ్లు వింటూ వచ్చేవారు. అది అయ్యాక హిందూపురంలో ఉన్న చెల్లెలు నళినికి ఇంకో వాయిస్ మెసేజి. అది మాత్రం సొంత సంగతి. ముందురోజు కడుపులో మిగిలిపోయిన కోపమంతా అందులో కక్కితేగాని ఆమెకు పని మీద మనసు నిలిచేది కాదు.

ఆ బుధవారం మొదటి మెసేజి పంపింది, రెండోదీ పంపింది. మధ్యలో గ్రూపు మూసి చెల్లెలి పేరు తెరవడం ఒక్కటే మరచిపోయింది.

గేటు దగ్గర సెక్యూరిటీ గంగన్న అందరి ఫోన్లూ తీసుకుని, నంబరు వేసిన గుడ్డసంచుల్లో పెట్టి బీరువాలో తాళం వేశాడు. అది అక్కడి కట్టుబాటు. లోపల ఫోను ఉండేది ఆఫీసు గదుల్లో కూర్చునేవాళ్లకే. లైను మీద పనిచేసేవాళ్లు మళ్లీ ఫోను మొహం చూసేది మధ్యాహ్నం రెండింటికి, షిఫ్టు దిగాకే.

ఏడు గంటలప్పుడు ఎల్లమ్మ అనే అమ్మాయి వైర్లు సర్దుకుంటూ మామూలుగా అడిగింది. “అక్కా, ఈపొద్దు రెండు పంపినావు కదా, రెండోది ఏంటికి? పొడుగుగా ఉండాదని వినలేదు. సాయంత్రం వింటాలే.”

“రెండా?” అంది రంజిత.

“అవునక్కా. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది.”

రంజితకు రెండోది ఎక్కడికి పోయిందో అర్థమైంది. నళినికి ఏం చెప్పిందో ఒక్కొక్క మాటా గుర్తుకొచ్చింది. చెప్పేటప్పుడు బస్సు కిటికీ లోంచి చల్లగాలి వస్తూ ఎంత హాయిగా ఉండిందో, అదీ గుర్తుకొచ్చింది.

“ఆ ఈరమ్మక్కతో చస్తాండానే నళినీ. ముసలిదానికి కండ్లు పోయినాయి. నీలం ఏదో నలుపు ఏదో తెలీదు, అంతా కలిపి గుచ్చుతాది. నాలుగు నెల్లుగా దాని తప్పులన్నీ టెస్టింగుకు పోకముందే నేను దిద్దతాండా. చెప్తే ఆమె ఏడుస్తాది, చెప్పకుంటే నేను ఏడ్సాల. చంద్రశేఖర్ సారుకు తెలిస్తే ఇద్దరినీ గేటు బయట నిలబెడతాడు. ఎప్పుడు మానుకోని ఇంట్లో కూర్చుంటాదో ఏమో దేవుడా.” ఇంకా ఉంది. ఈరమ్మ వైరును ముక్కు దగ్గర పెట్టుకుని చూసే తీరును ఎక్కిరించి, ఇద్దరి తరఫునా తానే నవ్వింది కూడా.

ఆ గ్రూపులో పదకొండు మంది ఆడవాళ్లూ ఉన్నారు. ఈరమ్మ ఉంది. ప్రొడక్షన్ మేనేజరు చంద్రశేఖర్ ఉన్నాడు. కన్నడాయన కదా, తెలుగు అర్థం కాదులే అనుకునే వీలు కూడా లేదు. ఆయనది కోలారు వైపు, ఇంట్లో మాట్లాడేది తెలుగే.

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని పెద్దలు అన్నారు. పాపం వాళ్లు వాట్సాప్ చూడలేదు. ఇందులో నోరు జారినా తీసుకోవచ్చు, చేతిలో ఫోను ఉంటే. ఆ ఫోను గేటు దగ్గర బీరువాలో ఉంది.

వైర్లను రంగుల ప్రకారం కనెక్టరు రంధ్రాల్లో గుచ్చే బల్లల్లో నాలుగోదాని దగ్గర, అంటే నాలుగో బోర్డు దగ్గర, ఈరమ్మ నిలబడి ఉంది. యాభైనాలుగేళ్ల మనిషి, పదహారేళ్లుగా ఇదే ఫ్యాక్టరీ. రంజిత కొత్తగా చేరినప్పుడు వైరు గుచ్చడం చెయ్యి పట్టుకుని నేర్పింది ఆమే. భర్త లేడు. కొడుకు ఆటో నడుపుతాడు, ఇల్లు నడిచేది మాత్రం ఈరమ్మ జీతం మీద. ఈ ఉద్యోగం పోతే ఆ వయసులో, ఆ కళ్లతో ఆమెను ఇంకెవరూ తీసుకోరు. అది తెలిసే రంజిత నాలుగు నెలలుగా తప్పులు దిద్దుతూ వచ్చింది. ఇప్పుడు తన నోటితో తానే దండోరా వేసింది.

ఆమె విన్నదా, లేదా? రంజిత పని చూస్తున్నట్టు నాలుగుసార్లు ఆ బోర్డు దగ్గరికి వెళ్లింది. ఈరమ్మ తల ఎత్తలేదు. రోజూ ఎత్తుతుందా? గుర్తు రాలేదు. రోజూ “టీ తాగితివా పాపా?” అని అడిగే మనిషి ఈరోజు అడగలేదు. అడగలేదా, లేక ఇంకా టీ వేళ కాలేదా? దొంగకు తేలు కుట్టినట్టయింది రంజిత పరిస్థితి. ఎవరితో చెప్పుకున్నా అది ఇంకొకరికి తెలియజేసినట్టే.

తొమ్మిదిన్నరకు చంద్రశేఖర్ కిందికి వచ్చాడు. చేతిలో ఫోను. మొదటి లైను చూశాడు, రెండో లైను చూశాడు. మూడో లైను దగ్గర ఆగి రంజితను పిలిచాడు.

“ఏమ్మా, గ్రూపులో ఏదో పొడుగ్గా పెట్టినావే. ఏమన్నా సమస్యా?”

“ఏం లేదు సార్. మామూలుదే.”

“సరే. పదింటికి కస్టమర్లతో మీటింగ్ ఉండాది. అయినాంక వింటాలే.”

ఆయన మెట్లెక్కి వెళ్లిపోయాడు. మీటింగు అరగంట కావచ్చు, గంట కావచ్చు. పది గంటలకు పది నిమిషాల టీ విరామం. రంజిత గోడ గడియారం వైపు చూస్తూ పని చేసింది. ఆ అరగంటలో ఈరమ్మ చేసిన తప్పులు కాక తాను సొంతంగా రెండు తప్పులు చేసింది.

టీ గంట మోగగానే గేటుకు పరిగెత్తింది. గంగన్న పేపరు చదువుకుంటున్నాడు.

“అన్నా, నా ఫోను ఒక్క నిమిషం ఇయ్యన్నా.”

“షిఫ్టు మధ్యలో ఇచ్చేకి లేదమ్మా. ఇంట్లో ఏమన్నా ఎమర్జెన్సీనా?”

నిజం చెప్పడానికి నోరు తెరిచింది. ఏ నిజం చెప్తుంది? “పాపకు జ్వరమన్నా,” అంది. బిడ్డ రాత్రి లక్షణంగా దోసె తిని పడుకుంది. అనకూడని మాట అన్నానని మనసులోనే లెంపలేసుకుంది.

గంగన్న మంచివాడు కావడం వల్ల ఆమె పాపం రెట్టింపయింది. “అయ్యో, ఎంత ఉండాది జ్వరం? మా పిల్లోడికీ పోయిన వారం వచ్చిండె. గంజి తాగించమ్మా, పోతాది,” అంటూ తాళం తీసి, పుస్తకంలో ‘బిడ్డకు జ్వరం’ అని రాసుకుని, సంచి చేతికిచ్చాడు.

రంజిత అక్కడే సంచి విప్పింది. గ్రూపు తెరిచింది. ఉంది, పొడుగ్గా. ఒక నిమిషం నలభై సెకన్లు. తీసేసే ముందు ఎవరెవరు విన్నారో చూసింది. తీసేశాక ఇక ఆ సంగతి తెలియదు కదా. మెసేజి అందినవాళ్ల జాబితా పొడుగ్గా ఉంది. అందులో చంద్రశేఖర్ పేరు ఉంది. విన్నవాళ్ల జాబితాలో ఒక్కటే పేరు.

ఈరమ్మ. ఐదూ ముప్పై ఒకటికి.

రంజిత మెసేజి తీసేసింది. అందరి ఫోన్లలోంచీ పోయింది. ఉద్యోగాలు రెండూ నిలబడ్డాయి. ఈరమ్మ విన్నది మాత్రం పోలేదు. ఆ మనిషి తెల్లవారే అంతా విని, బస్సు దిగి, చెప్పులు విడిచి, నాలుగో బోర్డు దగ్గర నిలబడి నాలుగు గంటలుగా వైర్లు గుచ్చుతోంది. ఒక్క మాట అనలేదు. ఎక్కిరింపును కూడా విని ఉంటుంది, నవ్వును కూడా. రంజితకు గేటు దగ్గరే ఏడుపు వచ్చింది. గంగన్న అది చూసి, “భయపడాకమ్మా, పిల్లోళ్లకు జ్వరాలు వస్తాయి, పోతాయి,” అన్నాడు.

పదకొండున్నరకు భోజనాలు. ఈరమ్మ క్యాంటీన్ మూలలో రోజూ కూర్చునే చోటే కూర్చుని, డబ్బా విప్పి ముద్ద కలుపుకుంటోంది. రంజిత ఎదురుగా కూర్చుంది. తన డబ్బా మూత తియ్యలేదు.

“ఈరమ్మక్కా, పొద్దున...”

“వింటిని,” అంది ఈరమ్మ. “మొదుట నమ్మలేకపోతిని. రెండోతూరి విన్నా నా పేరే.”

“తప్పయిపోయిందక్కా. నా నోట్లో మన్నుపడ. నా చెల్లెలికి అనుకోని...”

“తిట్టినావు, సరే. ఇంట్లో నా కోడలు నీకంటే బాగా తిడతాది. నా బాధ దానికి కాదు.” ఈరమ్మ ముద్ద డబ్బాలోనే వదిలేసింది. “నాలుగు నెల్లుగా నా పని నువ్వు దిద్దతాండావు. నాకు చెప్పేకి ఏం అడ్డమొచ్చింది? కండ్లు కొంచెం మసక ఉండాదని నాకూ తెలుసు. అయినా నా చెయ్యి తప్పుపోదు అనుకుంటి. దినామూ ఇంటికి పోయి నా మనమరాలికి చెప్పుకుంటాండా, పదారేండ్లలో మీ అవ్వ చేసిన కట్ట ఒక్కటి కూడా వాపసు రాలేదని. నన్ను అబద్ధాలు చెప్పేదాన్ని చేసితివి కదా పాపా.”

ఈరమ్మ ఏడుస్తుందనే చెప్పలేదు అనుకుంటూ వచ్చింది రంజిత ఇన్నాళ్లూ. నిజానికి ఆమె ఏడిస్తే చూడటం తనకు చేతకాక చెప్పలేదు. దానికి దయ అని పేరు పెట్టుకుని, ఆ దయ బరువైపోయిందని రోజూ చెల్లెలి దగ్గర సణిగింది.

“దినానికి ఎన్ని తప్పులు?”

“రెండో, మూడో...”

“నిజం చెప్పు.”

“పన్నెండు. ఒగోనాడు ఇరవై.”

ఈరమ్మ డబ్బాకు మూతపెట్టి లేచింది. “పద, సారు దగ్గరికి పోదాం.”

“ఆయన వినలేదక్కా. నేను తీసేసినా. ఎవరికీ తెలియదు.”

“మనిద్దరికీ తెలుసు కదా. ఇంక దినామూ నువ్వు దిద్దతావుంటే నేను చూస్తా నిలబడాల్నా?”

“పని పోతాదక్కా.”

“పోతే నాది. నువ్వేల వణుకుతావు?”

ఇనప మెట్లెక్కి ఇద్దరూ పైకి వెళ్లారు. చంద్రశేఖర్ మీటింగు ముగించుకుని వచ్చి కూర్చున్నాడు. రంజితను చూడగానే, “ఆ మెసేజ్ ఏంటిదమ్మా, తీసేసినావు?” అని అడిగాడు.

ఈరమ్మ ముందుకు వచ్చింది. “నా గురించి సార్. నాకు నీలానికీ నలుపుకీ తేడా తెలీడంలేదు. కండ్లు మందగించినాయి. ఈ పాప ఈపొద్దే కనిపెట్టి, మీకు చెప్పాల్నా వద్దా అని తీసేసింది. నేనే చెప్దామని వస్తిని.”

ఈపొద్దే. ఆ ఒక్క మాటతో రంజిత నాలుగు నెలల దొంగతనం మాసిపోయింది. తలుపు దగ్గర నిలబడి తల ఊపితే చాలు. లీడరు పని ఉంటుంది, ఎవరూ ఏమీ అడగరు. అన్ని మాటలు అనిపించుకున్న మనిషి, ఆ మాటలన్న దాన్ని కాపాడుతోంది. రంజితకు చెంపదెబ్బ తిన్నట్టయింది.

“ఈపొద్దు కాదు సార్,” అంది. “నాలుగు నెల్లయింది. నాకు తెలుసు. నేనే దిద్ది పంపిస్తాండా.”

చంద్రశేఖర్ కేకలేస్తాడనుకుంది రంజిత. ఆయన కేకలెయ్యలేదు. రేపటినుంచి ఈరమ్మను ప్యాకింగుకు మారుస్తానన్నాడు. నెలలోగా కంటి డాక్టరు చీటీ తేకపోతే అదీ తన చేతిలో ఉండదన్నాడు. రంజిత సంగతి మాత్రం పైకి రాయక తప్పదని, లీడరుగా ఉంచుతారో లేదో చెప్పలేనని అన్నాడు.

బయటికి వచ్చాక ఈరమ్మ గొణిగింది. “నేను కప్పిపెడితే నువ్వేల విప్పితివే, పిచ్చిదానా.”

“నువ్వు మాత్రం నన్నట్ల కాపాడొచ్చునా?” అంది రంజిత, ముక్కు తుడుచుకుంటూ.

ఈరమ్మ మెట్ల మీద నాలుగడుగులు దిగి, ఆగి, రంజిత వైపు చెయ్యి చాపింది.

“పట్టుకో పాపా. కింది మెట్లు నాకు కానరావు.”