బ్రూనో, బకెట్ నీళ్లు

నిరుడు చిక్కడపల్లిలో మా మేడ మీద జరిగిందిది. మా లాబ్రడార్ బ్రూనోకి జతకట్టడం అదే మొదటిసారి. రాంనగర్ నుంచి సుజాతక్క తన ఆడకుక్కను తీసుకొచ్చింది. ఎటు ఎక్కాలో తెలియక బ్రూనో గంటసేపు దాని తలవైపే తంటాలు పడ్డాడు. ఎలాగో కలిశాక రెండూ చెరోవైపు తిరిగి అతుక్కుపోయాయి. బ్రూనో కీచుమని అరుస్తూ మెట్లవైపు గుంజుకోసాగాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. వీధికుక్కలకు చేసినట్టే చేస్తే విడిపోతాయని బకెట్ నీళ్లు ఎత్తాను.

"ఆగు తమ్మీ! బెదిరి గుంజుకుంటే రెండిటికీ నెత్తురొస్తది. గవే ఇడిపోతయ్, జర ఓపిక పట్టు," అంటూ అక్క రెండింటినీ కదలకుండా పట్టుకుంది.

బ్రూనో తలను ఒళ్లో పెట్టుకుని అరగంట కూర్చున్నాను. వాటంతటవే విడిపోయాయి.

అంతకుముందు వీధికుక్కల మీద ఎన్ని బకెట్లు కుమ్మరించి నవ్వానో! అవి ఎందుకలా అరిచేవో ఆ రోజే తెలిసింది.