కాలరుకు నలభై సెకన్లు

ఆ ఫ్యాక్టరీలో ఆమెను అందరూ మెరుపక్క అనేవారు. పదహారో ఏట మిషను ముందు కూర్చున్న మనిషి, ఇరవై తొమ్మిదేళ్లుగా లేవలేదంటే అబద్ధం కాదు. ఆమె పని శాంపిల్ గదిలో. పై దేశాల కంపెనీలు పంపిన బొమ్మ చూసి మొదటి చొక్కా కుట్టేది ఆమే.

ఆమె కుడుతుంటే పక్కన టైము మాస్టారు గడియారం పట్టుకుని నిలబడేవాడు. కాలరుకు నలభై సెకన్లని అతను చెబితే ఆమెకు లోలోపల గర్వంగా ఉండేది. ఆ అంకె ఎక్కడికి పోతుందో ఏనాడూ అడగలేదు.

తమ్ముడి భార్య అదే ఫ్యాక్టరీలో, కింది హాల్లో కాలర్లు కుట్టేది. ఒకరోజు పని మధ్యలో పొత్తికడుపు పట్టుకుని కూలబడింది. మెరుపక్కే ఆసుపత్రికి తీసుకెళ్లింది. రోజుకెన్ని నీళ్లు తాగుతావని డాక్టరమ్మ అడిగితే మరదలు నేల చూపులు చూసింది.

"తాగితే బాత్రూముకు పోవాలి కదండీ. వచ్చేలోపు పని కుప్ప పడిపోద్ది."

"గంటకెన్ని కుట్టమంటారే?" అంది మెరుపక్క.

"తొంభై, వదినా."

నలభై సెకన్లకొకటి అంటే గంటకు తొంభై. మెరుపక్కకు ఒళ్లు మండిపోయింది. తన చురుకుదనాన్ని రెండు వందల మంది మెడకు పగ్గం చేశారు. ఒక్క కాలరైతే ఎవరైనా పరుగు మీద కుడతారు. పది గంటలు పరిగెత్తేదెవరు?

మర్నాడు మేనేజరును నిలదీసింది. ఆయన నెమ్మదిగానే మాట్లాడాడు. దానికి ఆమెకు ఇంకా మండింది.

"నన్నేం చేయమంటావమ్మా? పై దేశం కంపెనీవాళ్లు ఐదేళ్ల కిందటి రేటే ఇస్తామంటున్నారు. నూలు పెరిగింది, కరెంటు పెరిగింది, ఓడ కిరాయి పెరిగింది. కాదంటే ఆర్డరు ఇంకో దేశానికి పోతుంది. నేను తగ్గించగలిగింది మీ టైమొక్కటే."

"అంటే నూలుకు విలువుంది, ఓడకు విలువుంది. ఊరికే దొరికింది మా ఒళ్లేనన్నమాట."

ఆయన కొత్త చొక్కా శాంపిల్ రేపటికల్లా కావాలన్నాడు.

మర్నాడు మాస్టారు గడియారం తీయగానే ఆమె అంది: "ఇవాళ ఒక్క కాలరు కాదు, గంటసేపు కుడతా. ఆపకుండా చూడు."

పావుగంటకు లేచి నీళ్లు తాగింది.

"గడియారం ఆపనా అక్కా?"

"ఎందుకు? మనిషన్నాక నీళ్లు తాగడా?"

దారం తెగితే ఎక్కించుకుంది. సూది మార్చింది. బాత్రూముకు వెళ్లొచ్చింది. గంటకు అరవై రెండు కాలర్లు తేలాయి, ఒక్కదానికీ వంక లేదు. మాస్టారు రాయడానికి జంకాడు.

"పైవాళ్లు ఊరుకోరక్కా."

"నీ గడియారం చూసిందే రాయి. లేనిది రాయమన్నానా?"

అతను రాసి సంతకం పెట్టాడు.

మూడో రోజున ఆమెను కింది హాల్లో పడేశారు. చురుకు తగ్గిందట. ఇరవై తొమ్మిదేళ్ల పనితనానికి ఒక్క ముక్కలో మంగళం పాడేశారు. అయితే మాస్టారి కాగితం సంగతి అప్పటికే హాలంతా పాకింది. ఆ వారం గంటకు అరవై రెండు పూర్తికాగానే కాలర్ల వరుసల్లో చేతులు ఆగిపోయేవి. ఓడ గడువు ముంచుకొస్తుంటే మేనేజరు దిగొచ్చి, తొంభైని డెబ్బైకి తగ్గించాడు. డెబ్బై కూడా అన్యాయమే.

తర్వాతి ఆర్డరులో సగం నిజంగానే ఇంకో దేశానికి పోయింది. ఒక వరుస మూసేశారు. ఇంటికి పోయిన ఇరవై మందిలో మరదలు కూడా ఉంది.

"నువ్వు నోరు మూసుకుని ఉంటే ఇంత జరిగేది కాదు" అంది పక్క మిషనామె.

"ఆ దేశంలో కుట్టేది మాత్రం మనిషి కాదా? ఆ పిల్లకూ బాత్రూముకు పోవద్దనే చెబుతుంటారు. తిట్టేదేదో రేటు కోసినవాణ్ణి తిట్టు."

మరదలు మాత్రం ఆమెను ఒక్క మాట అనలేదు. ఇంట్లోనే పాత మిషను పెట్టుకుని బట్టలు సరిచేసిస్తోంది. మొన్న ఫ్యాక్టరీకి జారుడు గుడ్డ చొక్కా ఒకటొచ్చింది. దానికి కాలరు ఎవరికీ కుదరక మెరుపక్కను మళ్లీ శాంపిల్ గదికి పిలిచారు. ఒక్క కాలరు చూసి కాదు, గంటసేపు కుట్టించి ఆ లెక్కన టైము కడితేనే వస్తానంది. మేనేజరు ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు.